సున్నా గ్రాముల సంసారం

మీ ఇంటి చెత్తబుట్టకు మాటలొచ్చా? రాకపోతే మీరింకా చీకట్లోనే ఉన్నారు! మా బుట్ట మాట్లాడుతుంది, తూకం వేస్తుంది, ఫొటో తీస్తుంది, చివాట్లు పెడుతుంది. ఇంటికి ఇంతకన్నా పెద్దదిక్కు ఇంకేం కావాలి?

తిండి వృథా కాకూడదన్న సదుద్దేశంతో స్మార్ట్ ఫ్రిజ్, స్మార్ట్ కాటా, స్మార్ట్ బుట్ట ఒకేసారి తెచ్చాను. ఇంట్లోనే కుట్టుపని చేసుకునే మా ఆవిడ మిషన్ మీంచి తలెత్తి, "ఇన్ని తెలివైనవాటి మధ్య మీరెలా నెగ్గుకొస్తారో ఏమో" అంది. ఓర్వలేనితనం, ఇంకేముంది!

ఫ్రిజ్ ఏది ఎప్పుడు పాడవుతుందో ముందే చెబుతుంది. మొన్న ఆదివారం ఆరు టమాటాలకీ, అర క్యాబేజీకీ, గిన్నెడు పెరుగుకీ ఒకేసారి గడువు ముగిసింది. అన్నీ నేనే తిన్నాను. బుట్టలో పడాల్సింది నా పొట్టలో పడింది. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించాను. దీన్ని పొదుపు అనక ఏమంటారు?

చిక్కల్లా మా అమ్మతోనే. నా మధ్యాహ్నం భోజనం ఆఫీసు క్యాంటీన్‌లో. ఇంట్లో తినేది అత్తాకోడళ్లిద్దరే. అయినా అమ్మ ఇద్దరికీ బియ్యం కొలిచాక, చెయ్యి ఊరుకోక, ఇంకో గుప్పెడు వేస్తుంది. సాయంత్రానికి ఆ గుప్పెడన్నం బుట్టలోకి, బుట్టనుంచి నా ఫోన్లోకి. ఎర్ర అక్షరాల్లో!

"ఎవరికోసమమ్మా ఇది?" అని నిలదీశాను.

"ఎవరైనా వస్తేనో?"

"ఈ రోజుల్లో ఫోన్ చేయకుండా ఎవరొస్తారు?"

అమ్మ బియ్యం డబ్బాకి మూత పెట్టేసింది. మర్నాటినుంచి గుప్పెడు బంద్. బుట్ట నాకు ఆకుపచ్చ నక్షత్రం ఇచ్చింది. దాన్ని ఆఫీసులో నలుగురికీ చూపించాను కూడా.

పోయిన బుధవారం ఆఫీసులో నీళ్ల పైపు పగిలింది. ఫైళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి. క్యాంటీన్ పొయ్యి వెలగలేదు. అందర్నీ ఇళ్లకు పొమ్మన్నారు. ఒంటిగంటన్నరకి, కడుపులో ఎలుకలు పరిగెడుతుండగా, ఇల్లు చేరాను. గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. ఫ్రిజ్ తెరిస్తే లైటు ఒక్కటే నిండుగా ఉంది.

"చెప్పాపెట్టకుండా వస్తే ఎలా నాయనా? నీ కాటా ఇద్దరికే కొలిచింది" అంది అమ్మ, చేతులు తుడుచుకుంటూ.

"అభినందనలు! ఈ పూట వృథా సున్నా గ్రాములు!" అంది బుట్ట.

ఇంత బతుకూ బతికి చెత్తబుట్ట చేత వెక్కిరింపు! మా ఆవిడ మిషన్ చప్పుడు పెంచింది, నవ్వు వినపడకుండా.

"ఇన్నేళ్లలో ఆ గుప్పెడు ఎవరు తిన్నారమ్మా?" అన్నాను, పొయ్యి మీద కొత్తగా పెట్టిన ఎసరు వంకే చూస్తూ.

"చెప్పకుండా ఊడిపడేది నువ్వు తప్ప ఎవరున్నార్రా?"

సిగ్గేసింది. ఆకలి అంతకన్నా ఎక్కువేసింది. అన్నం ఉడికేదాకా నక్షత్రం చూసుకుంటూ కూర్చున్నాను.

అయినా సరే, పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. యంత్రాలు వరం! మీరూ కొనుక్కోండి! ఈరోజు పొద్దున మా అమ్మ కాటా మీద ఇద్దరికి సరిగ్గా బియ్యం తూచింది. గిన్నె కిందికి దించింది. కాటా స్విచ్ ఆపింది. అటూ ఇటూ చూసి, డబ్బాలో చెయ్యి పెట్టింది.

నేను గోడ వైపు తిరిగి బెల్టు సర్దుకుంటున్నాను. నేనేమీ చూడలేదు. బుట్ట అడిగితే మీరూ అదే చెప్పండి.