చదునడుగు, కోసడుగు

తిప్పన్న ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పొద్దెక్కేలోగా రెండు పడవలనూ ఏట్లో దించి చూడాలి, ఒకటి ఎంచుకోవాలి, బదులుగా బర్రెను అప్పగించాలి, ఇంటికొచ్చి జొన్నరొట్టె తినాలి. ఇందులో చిక్కల్లా బర్రె అతనిది కాకపోవడమే. అది అతని భార్య హుచ్చమ్మ పుట్టింటి నుంచి దూడగా తోలుకొచ్చుకున్నది. ఆ ఇంట్లో చాయ్‌లో పాలున్నా, పిల్లల కంచాల్లో మజ్జిగున్నా అంతా దాని చలవే.

యరగేర దిగువన, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళంతా పుట్టిలోనే తిరుగుతారు. వెదురుతో గుండ్రంగా బుట్ట అల్లి, కింద తారు పూసిన గుడ్డ కుట్టి, ఒక్క తెడ్డుతో నడిపేదే పుట్టి. తిప్పన్న తాత, తండ్రి ఏ ఫిర్యాదూ లేకుండా అందులోనే ముసలివాళ్ళయ్యారు. తిప్పన్నకు మాత్రం పోతనాళ పోయి వచ్చినప్పటి నుంచి దాని మీద మనసు విరిగింది. కాలువ కింద వరి పండించడానికి వచ్చిన కోస్తావాళ్ళ క్యాంపులో గవర్రాజు అనే వడ్రంగి రెండు పలక పడవలు చేసి పెట్టాడు. ఒకదాని అడుగు పీటలా చదునుగా ఉంటుంది. రెండోదాని అడుగు నాగలి కర్రులా కోసుగా ఉంటుంది. గవర్రాజు ఇంట్లో పాడి లేదు. ఏ పడవ తీసుకున్నా పాలిచ్చే బర్రెనిస్తే చాలన్నాడు.

అప్పటి నుంచి నెల రోజులుగా తిప్పన్న హోటల్లో కూర్చుని, కనబడినవాళ్ళందరికీ పడవ అడుగుల గురించి చెబుతూనే ఉన్నాడు. "చదునుదైతే లోతు లేని కాడ గూడ పోతది, గాలొస్తే మాత్రం పక్కకు కొట్కపోతది. కోసుది నీళ్ళను చీల్చుకుంట పోతది, గాని వల గుంజెటప్పుడు ఒరుగుతది." వినేవాళ్ళు ఓపిగ్గా తలలూపేవారు. చాయ్ ఇప్పించేది అతనే మరి.

హుచ్చమ్మ మాత్రం తల ఊపలేదు. "పుట్టికి ముందు లేదు, ఎనుక లేదు, అడుగు పంచాయితే లేదు. దాన్ని ఇడిసిపెట్టి నా బర్రెను ఎందుకియ్యాలె?"

"నువ్వే వచ్చి చూడు. నీకు నచ్చకుంటే ఇయ్యకు," అన్నాడు తిప్పన్న. అందుకే ఆమె ఆ ఉదయం బర్రె పలుపు చేతికి చుట్టుకుని ఏటి ఒడ్డున నిలబడింది. పలుపును ఎవరి చేతికీ ఇచ్చే ఉద్దేశం ఆమెకు లేదు.

గవర్రాజు రెండు ఎడ్లబండ్ల మీద పడవలను తెచ్చాడు. దారిలో పలకలు దెబ్బ తినకుండా వాటి కింద నాలుగు వడ్ల బస్తాలు సర్దాడు. ఆ వడ్లను అటునుంచటు రాయచూరు మిల్లుకు తోలాలని అతని ఆలోచన.

"ఖాళీ పడవ గుణం ఎవరికీ తెలీదండి తిప్పన్నగారూ. బరువెయ్యాలి," అన్నాడు.

"రాళ్ళేద్దామా మేస్త్రీ?"

"కొత్త పలకలండి, గీసుకుపోతాయి. బస్తాలున్నాయి కదా."

ఆ ఏటికి ఇవతల మైసూరు రాష్ట్రం, అవతల ఆంధ్ర. పర్మిట్ లేకుండా వడ్లు ఏరు దాటకూడదని ఆర్డరు వచ్చిన ఏడాది అది. ఒడ్డున ఉన్న అందరికీ ఆ సంగతి తెలుసు. అయితే వాళ్ళు వడ్లు దాటించడం లేదు, అడుగు చూస్తున్నారు.

ముందు చదునడుగు పడవలో బస్తాలు వేశారు. తిప్పన్న అలవాటు కొద్దీ ముందు భాగంలో నిలబడి, పుట్టిని నడిపినట్టే తెడ్డుతో నీళ్ళను తన వైపు లాగాడు. పుట్టి అయితే ముందుకు వచ్చేది. పడవ మాత్రం తోక తిప్పింది. పైన ఎక్కడో వాన పడి ఏట్లో కొత్తనీరు వచ్చి ఉంది, గాలి కూడా లేచింది. "బస్తాలు కదుల్తలేవు మేస్త్రీ," అని నడి ఏట్లో నుంచి మెచ్చుకుంటూనే తిప్పన్న అవతలి ఒడ్డుకు కొట్టుకుపోయాడు.

అతన్ని వెనక్కి తేవడానికి గవర్రాజు కోసడుగు పడవ ఎక్కాడు. అతను పడవలు చేశాడే గాని ఎన్నడూ నడపలేదు. కోసడుగు ముక్కు ఎటు ఉంటే అటే పోతుంది. అప్పుడది అవతలి ఒడ్డు వైపు ఉంది. ఆ పడవ తిన్నగా పోయి తిప్పన్న పక్కనే బురదలో దిగబడి, ఒరిగి, గవర్రాజును మొలలోతు నీళ్ళలో దించింది.

అక్కడ వడ్లు దాటకుండా కాపలా వేసిన జవాను ఉన్నాడు. మూడు నెలలుగా అతను ఒక్క బస్తా కూడా పట్టుకోలేదు. అక్కడ ఏం చేస్తున్నావని పైనుంచి కాగితం కూడా వచ్చింది. ఇప్పుడు నాలుగు బస్తాలతో ఒక పడవ, దాని వెనక ఖాళీగా ఇంకో పడవ వచ్చాయి. అతనికి చాలా సంతోషమైంది.

"రెండు పడవలెందుకప్పా?" అన్నాడు నోటుబుక్కు తీసి.

"ఏది మంచిగుంటదో చూసెతందుకు సారు."

"దేనికి బాగుండాల?"

"బరువుకు. చదునుదాంట్ల బస్తా కదల్దు. నాలుగేసినం, ఇంకా నాలుగు పడ్తయి."

జవాను రాసుకున్నాడు. "మరి రెండోది?"

తన పని మాట వచ్చేసరికి గవర్రాజు ఊరుకోలేకపోయాడు. "వేగంలో దాన్ని పట్టుకునేవాడు లేడండి."

జవాను రాసిందంతా చదివి వినిపించాడు. ఒక్క మాట తప్పు పోలేదని తిప్పన్న ఒప్పుకున్నాడు. తమను వడ్లు దాటించేవాళ్ళ కింద రాసుకున్నాడని అప్పుడు గవర్రాజుకు బోధపడింది.

పడవలు అటు పోయాయి కాబట్టి బేరం అయిపోయినట్టేనని ఇవతలి ఒడ్డున గవర్రాజు బండివాళ్ళు బర్రె పలుపు పట్టుకోబోయారు. హుచ్చమ్మ పలుపు లాక్కుని, ఒడ్డున ఉన్న తమ పాత పుట్టి ఎక్కి, బర్రెను వెనక ఈదిస్తూ తానే ఏరు దాటింది. పుట్టి రెండు చుట్లు తిరిగినా ఆమె అనుకున్న చోటికే వచ్చి ఆగింది.

"ఈ బర్రె యేంది?" అన్నాడు జవాను.

"పడవకు బదులు సారు," అన్నాడు తిప్పన్న నిజాయితీగా.

"అయితే ఇదీ కేసులోదే. పడవలు, వడ్లు, బర్రె అన్నీ ఆఫీసుకు తోలాల."

ఆఫీసుకు పోయిన పశువు తిరిగి వచ్చిందని హుచ్చమ్మ ఎన్నడూ వినలేదు. పలుపును ఇంకో చుట్టు బిగించి, "సారు, గీ పడవలల్ల వడ్లు దాటుతయని నీకెవరు చెప్పిన్రు?" అంది.

"వీళ్ళే చెప్పినారు."

"వీళ్ళ మాటలు ఇడిసిపెట్టు. నా పెనిమిటిని ఇంకోపారి తోలమను. నువ్వే చూడు."

తిప్పన్న తెడ్డు అందుకున్నాడు. చదునడుగు పడవ రెండుసార్లు వెనక్కి తిరిగి, జవాను నిలబడిన ఒడ్డునే గుద్దుకుంది. తిప్పన్న తన శాయశక్తులా తోశాడు. అందువల్లే పడవ చేతకానితనం అంత నమ్మేట్టు కనిపించింది.

గవర్రాజు దారి దొరికిందని గ్రహించాడు. "అది గాలికి పక్కకు పోద్దండి. ఏరు దాటదండి."

"వేగంగా పోతాదంటివే, ఆ రెండోది?"

"దాన్ని తిప్పడం ఎవరి వల్లా కాదండి. బస్తా వేస్తే పడుకుంటుంది." చివరి మాట అతను పడవల వైపు చూడకుండా చెప్పాడు. "నేను బండ్లు చేసుకునేవాణ్ణండి. పడవలు నాకు రావు."

మొదటి కేసు చెయ్యి జారిపోయినందుకు జవాను బాధపడ్డాడు. అయినా పాత కాగితం చించి, ఈ రెండు పడవలూ దేనికీ పనికిరావని చేసినవాడే ఒప్పుకున్నాడని కొత్తది రాసి, గవర్రాజు చేత సంతకం పెట్టించాడు. వడ్లు తక్షణం వెనక్కి పోవాలన్నాడు. హుచ్చమ్మ బస్తాలను రెండేసి చొప్పున పుట్టిలో ఇవతలికి చేర్చింది, ఆ తర్వాత మగవాళ్ళిద్దరినీ చేర్చింది. ఖాళీ పడవలు పుట్టికి కట్టిన తాడు వెంట, బర్రె వాటి పక్కన ఈదుకుంటూ వచ్చాయి.

ఒడ్డెక్కాక గవర్రాజు తల గోక్కుంటూ, "అమ్మా, మరి బర్రె సంగతి..." అన్నాడు.

"పనికిరాని పడవకు బర్రెనెట్లిస్త మేస్త్రీ? నువ్వే సంతకం పెడితివి కద." ఆమె బర్రెను తోలుకుని ఇంటికి పోయింది. తిప్పన్న రొట్టె మాత్రం అనుకున్నట్టే తిన్నాడు. పాలు ఆ పూట కొంచెం తక్కువగా పడ్డాయని ఆమె అతన్నే తిట్టింది.

పదిరోజులకు జవాను పోతనాళకు మనిషిని పంపి, ఎనిమిది బస్తాలు పట్టే ఆ చదునడుగు పడవ తనకు కావాలని, అది దేనికీ పనికిరాదని కాగితం మీదే ఉంది కాబట్టి ధర కూడా దానికి తగ్గట్టే చెప్పమని కబురు చేశాడు.