దొర భోజనానికి వెళ్ళిన మునిస్వామి

ఆ శనివారం ఉదయం మునిస్వామి టిఫిను వద్దన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని మాట అది. అనసూయమ్మ చేతిలో అట్లకాడతోనే వంటింట్లోంచి వచ్చి మొగుడి నుదురు తాకి చూసింది.

"జ్వరం లేదే!"

"జ్వరమెందుకుంటాది? కడుపులో చోటు పెట్టుకుంటాండా," అన్నాడు మునిస్వామి.

మదనపల్లె నుంచి వచ్చి మియాపూర్‌లో ఉంటూ ఆ చుట్టుపక్కల ప్లాట్ల వ్యాపారం చేసుకుంటున్న మునిస్వామికి వ్యాపారం కన్నా తిండి మీద శ్రద్ధ ఎక్కువ. అలాంటి మనిషికి ఆ మధ్య డాక్టరు, షుగరు సరిహద్దులో ఉందనీ, అది దాటితే ఇక బతికినంత కాలం మాత్రలేననీ చెప్పాడు. ఆ రోజు నుంచి సరిహద్దు కాపలా అనసూయమ్మ తీసుకుంది. అన్నం పోయింది, మాంసం పోయింది, కాఫీలో చక్కెర పోయింది. మిగిలినవి జొన్నరొట్టె, కాకరకాయ, అనసూయమ్మ.

తండ్రి ముఖం చూడలేక కూతురు తేజస్విని పెళ్ళిరోజు కానుకగా ఒక యాత్ర కొనిచ్చింది. ఆ పిల్ల మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తుంది. అక్కడికి దగ్గర్లోనే రాళ్లకుంట అని ఒకప్పుడు ఊరుండేది. చుట్టూ అద్దాల మేడలు లేచి ఊరిని మింగేశాక, పాత దొరల కోటలాంటి ఇల్లు, గడి అంటారు, అదొక్కటి మిగిలింది. మొగుడూ పెళ్ళాలకు ప్రత్యేకంగా ఒక కారు, ఒక గైడు, ఒక పూటంతా గడి చూపించడం, ఆఖరున అక్కడే దొర భోజనం. ఇదీ ప్యాకేజీ.

గడి ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో మునిస్వామికి అక్కర్లేదు. టూరు కంపెనీ వాళ్ళు పంపిన కాగితం చివరి పేజీ మాత్రం కంఠతా వచ్చేసింది. బగారన్నం, మటన్ కూర, నాటుకోడి పులుసు, తలకాయ కూర, డబుల్ కా మీఠా. వారం రోజులు బతిమాలితే అనసూయమ్మ ఒప్పుకుంది.

"ఈ ఒక్క పూటకే. రేపటి నుంచి మళ్ళీ కాకరకాయే," అంది.

"రేపటి సంగతి రేపు," అన్నాడు మునిస్వామి, బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకుంటూ.

గైడు పేరు గిరీష్. షేర్వాణీ తొడుక్కుని, మెడలో గుర్తింపు బిళ్ళ వేలాడేసుకుని వచ్చాడు. వీళ్ళిద్దరి మెడల్లోనూ అలాంటి బిళ్ళలే వేశాడు.

"గేటు దగ్గర ట్రెడిషనల్ వెల్‌కమ్ ఉంటుందండి. డప్పులు, దండలు, బొట్టు. దొరల్లాగా పరుపు మీద కూర్చోబెడతారండి. మీరు జస్ట్ ఎంజాయ్ చెయ్యండి," అన్నాడు కారెక్కాక.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. రోడ్డు మీద సగం బండ్ల నంబరు పలకల మీద ఏపీ పోయి టీజీ వెలిసింది. ఈ విషయంలో మునిస్వామి అభిప్రాయం అడిగినవాడి ఊరిని బట్టి ఉండేది. మియాపూర్‌లో ఎవరైనా కదిపితే "ఇయ్యాల్సిందే గదా" అనేవాడు. మదనపల్లె నుంచి ఫోనొస్తే "ఎట్లిస్తారో చూద్దాం" అనేవాడు. ప్లాట్లు అమ్ముకునేవాడు అంతకన్నా ఏం చేస్తాడు?

గడి గేటు పక్కనే ఒక షామియానా ఉంది. దాని కింద రిలే నిరాహార దీక్ష నడుస్తోంది. రోజుకొక బృందం వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చుంటుంది, మర్నాడు ఇంకొకరి వంతు. మొన్న గీత కార్మికులు, నిన్న ఆటో డ్రైవర్లు. ఆ రోజు వంతు సాఫ్ట్‌వేరు ఉద్యోగులది. కానీ అమెరికాలో ఎవరికో ఏదో ఆగిపోయిందని వాళ్ళందరినీ పొద్దున్నే ఆఫీసుకు పిలిపించారు. దీక్షలు నడిపించే బాలనర్సయ్య దండలు, డప్పులు సిద్ధం చేసుకుని, టీవీ వాళ్ళకు కూడా కబురు చేసి, ఖాళీ పరుపు పక్కన నిలబడి రోడ్డు వంక చూస్తున్నాడు. అటు గిరీష్ కంపెనీ తరఫున స్వాగతం చెప్పాల్సిన మనుషులు కూడా ఆ రోజు డుమ్మా కొట్టారు.

సరిగ్గా అప్పుడు కారాగింది. మెడలో బిళ్ళతో మునిస్వామి దిగాడు. మాదాపూర్ చుట్టుపక్కల మెడలో బిళ్ళ ఉన్నవాడు సాఫ్ట్‌వేరువాడు కాక ఇంకెవడవుతాడు? బాలనర్సయ్య చెయ్యి ఊపాడు. డప్పులు మోగాయి. మునిస్వామి మెడలో బంతిపూల దండ పడింది, నుదుట బొట్టు పడింది, భుజం మీద గులాబీ కండువా పడింది.

"రా అన్నా రా, మీ కోసమే ఎదురు చూస్తున్నం. జర గిట్ల కూసో," అని బాలనర్సయ్య ఆయన్ను తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టాడు.

ప్యాకేజీలో చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తున్నారని మునిస్వామి మురిసిపోయాడు. గిరీష్ అప్పటికే గేటులోని దిడ్డి వాకిట్లోంచి అనసూయమ్మను తల వంచమని లోపలికి తీసుకుపోతున్నాడు.

"మీరు పొయ్యి చూసి రండి. నేనీడే కూర్చోనుంటా. భోజనం వేళకు పిలవండి," అని కేకేసి మునిస్వామి బాలీసుకు ఆనుకున్నాడు. ఆయన వెనకాల కట్టిన బ్యానరు మీద విషయమంతా బెత్తెడు అక్షరాలతో రాసే ఉంది. కానీ వెనక్కి తిరిగి బ్యానర్లు చదివే దొర ఎక్కడైనా ఉంటాడా?

కాసేపయ్యాక ఆకలి మొదలైంది.

"భోజనం ఎప్పుడు పెడతారప్పా?" అని అడిగాడు.

బాలనర్సయ్య పగలబడి నవ్వాడు. "అన్న మస్తు జోకులేస్తడు! గిట్ల నవ్వుకుంట కూసుంటేనే దినం గడుస్తది."

"జోకు కాదబ్బా. మటన్ ఉండాదంట గదా?"

డప్పు కొట్టేవాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు. ఇందులో నవ్వేందుకేముందో అర్థంకాక మునిస్వామి చుట్టూ చూశాడు, చూస్తూ చూస్తూ వెనక్కి తిరిగాడు. 'నిరాహార' అన్న మాట దగ్గర ఆయన కళ్ళు ఆగిపోయాయి.

"అయ్యో, నేను ఆ మనిషిని కాదప్పా! గడి చూడను వచ్చినా," అంటూ లేవబోయాడు.

"గడి యాడికి పోతది? పొద్దుగూకినంక చూద్దువు గని తియ్యి," అని భుజం నొక్కి కూర్చోబెట్టిన బాలనర్సయ్య అంతలోనే ఆగాడు. ఆ యాస ఆయన చెవికి కొత్తగా తగిలింది. "అన్నా, ఏ ఊరు మీది?"

వరంగల్ అని చెబుదామనుకున్నాడు మునిస్వామి. నోరు మాత్రం "మదనపల్లె" అంది.

డప్పులు ఆగిపోయాయి. తన పని అయిపోయిందనుకున్నాడు మునిస్వామి. కానీ బాలనర్సయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ను గట్టిగా కౌగిలించుకుని, మైకు అందుకున్నాడు.

"వినుండ్రి! మనోళ్లు రాలే. మదనపల్లె నుంచి వచ్చి ఈ అన్న మన కోసం కడుపు మాడ్చుకుంటున్నడు! మనకు సిగ్గుండాలె!"

"అరే, గీయన మునిస్వామి సారు గదా! గా ఎదురుంగ ప్లాట్లు ఈయనయే!" అన్నారెవరో. చప్పట్లు మారుమోగాయి. మునిస్వామి రోడ్డు అవతల తన పేరుతో నిలబడ్డ బోర్డు వంక చూశాడు. ఇప్పుడు లేచి పోతే సాయంత్రానికి ఆ బోర్డు ఉండదు. మళ్ళీ కూర్చున్నాడు.

టీవీ వాళ్ళు వచ్చారు. కొద్దిసేపట్లోనే తేజస్విని ఫోను చేసింది.

"నాన్నా, నువ్వు మా క్యాంటీన్ టీవీలో వస్తున్నావు. కింద 'సీమ గాంధీ' అని వేస్తున్నారు! ఏం చేస్తున్నావక్కడ?"

"పస్తున్నానమ్మా. నువ్వు బిర్రున వచ్చి నన్ను విడిపించు తల్లీ."

"వస్తున్నా. నేనొక్కదాన్నే కాదు, ఇక్కడ ఫ్లోర్ ఫ్లోరంతా బయల్దేరింది."

తమ వంతులో ఒక సీమ పెద్దాయన పస్తున్నాడని టీవీలో చూసి సాఫ్ట్‌వేరువాళ్ళకు తలకొట్టేసినట్టయింది. అమెరికాను అలాగే వదిలేసి అందరూ నడిచొచ్చారు. మెడల్లో బిళ్ళలతో మునిస్వామి చుట్టూ ఎటూ సందు లేకుండా కూర్చున్నారు. తేజస్విని జనాన్ని తోసుకుని తండ్రి చెయ్యి పట్టుకోబోయింది. "సీమ గాంధీ బిడ్డ!" అని బాలనర్సయ్య ఆమెకూ దండ వేయించాడు. ఆ పిల్ల తండ్రి పక్కనే కూలబడింది.

ఈసారి మదనపల్లె నుంచి బావమరిది దినేష్ ఫోను.

"ఏం పని బావా అది? ఊర్లో తలెత్తుకోలేకుండా ఉండాము. నీకు పోటీగా నీ ఇంటి అరుగు మీదే సమైక్య దీక్ష మొదలుపెట్టినాం!"

"ఏమన్నా తిని కూర్చున్నారా?" అని మునిస్వామి ఆత్రంగా అడిగాడు.

"కారం దోసెలు తిని కూర్చున్నాంలే."

మునిస్వామి ఫోను పెట్టేశాడు. మనిషన్నవాడికి బావమరిది ఇంత అన్యాయం చేయకూడదు.

మధ్యాహ్నమైంది. గడి లోపల్నుంచి మసాలా వాసన గోడ దాటి వచ్చి షామియానా కింద నిలిచింది. వంటామె సాయమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది.

"పొద్దటి సంది ఇద్దరి కోసం వండిన. తినే సారు ఏడి?"

ఎవరో దీక్షలో ఉన్న మునిస్వామిని చూపించారు. ఆయన ఆశగా చెయ్యెత్తి పిలిచాడు. ఆమె దాన్ని వద్దనడంగా తీసుకుంది.

"అయ్యో కొడుకా! నువ్వు ఉపాసముంటే గీ కూర మాకెట్ల మింగుడు వడ్తది? తియ్యి, బందోబస్తు పోలీసోళ్లకు పెడుత," అని కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగింది మునిస్వామి జన్మలో మరిచిపోలేడు. షామియానా పక్కనే కుర్చీ వేసుకుని ఇన్‌స్పెక్టరు నాటుకోడి పులుసు కలుపుకున్నాడు. తలకాయ కూర రెండోసారి వేయించుకున్నాడు. కళ్ళు మూసుకుని మూలుగ బొక్క చప్పరించాడు. ఆ చప్పుడు నినాదాల మధ్య నుంచి కూడా మునిస్వామికి వినబడింది. నిజంగానే ఏడుపొచ్చింది ఆయనకు. త్యాగం చేస్తున్న పెద్దాయన కన్నీళ్ళని టీవీలో దగ్గరగా చూపించారు.

భోజనం ముగించి, మీసాలు తుడుచుకుని ఇన్‌స్పెక్టరు డ్యూటీలోకి దిగాడు. "పెద్దమనిషి చానా నీరసపడ్డడు. రేపు ఏమన్నయితే మా మీదికొస్తది. దవాఖానకు తీస్కపోవాలె."

మునిస్వామి ముఖం వెలిగింది. దవాఖాన అంటే క్యాంటీన్ ఉంటుంది. రెండు చేతులూ ముందుకు చాచి, "పట్టుకోండి సార్! తీసకపోండి!" అన్నాడు.

"అన్నను ముట్టుకుంటే ఊకోం!" అని బాలనర్సయ్య అడ్డం పడ్డాడు. సాఫ్ట్‌వేరువాళ్ళంతా చేతులు పట్టుకుని చుట్టూ గోడ కట్టారు. మధ్యలో మునిస్వామి "వదలండప్పా! నన్ను పోనీయండి!" అని అరిచాడు. ప్రతి అరుపుకూ జనం "జై తెలంగాణ!" అన్నారు. చివరికి డాక్టరునే షామియానాకు పిలిపించేలా రాజీ కుదిరింది.

సర్కారు దవాఖాన డాక్టరు రత్నమాల వచ్చి ఆయన వేలికి సూది గుచ్చింది. అదే సమయానికి అనసూయమ్మ గిరీష్‌తో కలిసి దిడ్డి వాకిట్లోంచి బయటపడింది. బయట వినబడిన నినాదాలన్నీ ప్యాకేజీలో భాగమేననీ, సారుకు భోజనం బయటికే పంపారనీ గిరీష్ ఆమెకు అంతసేపూ చెబుతూ వచ్చాడు. ఆమె జనాన్ని చీల్చుకుంటూ వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఏమండీ, ఈ దండలేంది? ఈ సూదేంది? తిన్నారా లేదా?"

"లేదే అనసూయా," అన్నాడు మునిస్వామి. "నా మటను పోలీసోళ్ళు తినేసినారు."

డాక్టరమ్మ యంత్రం వంక చూసింది. "ఫికర్ చెయ్యకండి. షుగర్ నార్మల్. మీ వయసుకు చాలా బాగుంది."

అనసూయమ్మ నమ్మలేదు. "ఇంకోసారి చూడండమ్మా," అంది. ఇంకో వేలికి గుచ్చారు. అంతే వచ్చింది. ఇన్నాళ్ళ కాకరకాయ చేయలేని పని ఈ షామియానా ఒక్క పూటలో చేసింది. ఆమె మొగుడిని చూసింది, పరుపును చూసింది, బాలనర్సయ్యను చూసింది. తాళి గట్టిపడిందన్నంత సంతోషం కలిగింది ఆమెకు.

సాయంత్రం దీక్ష విరమించడానికి బాలనర్సయ్య గ్లాసుతో నిమ్మరసం తెచ్చాడు. మునిస్వామి రెండు చేతులతో అందుకోబోయాడు. అనసూయమ్మ మధ్యలో పట్టుకుని వాసన చూసింది.

"చక్కెర వేసినారా?"

"ఏసినమక్కా."

ఆమె దాన్ని పారబోసి ఉప్పు వేసి తెమ్మంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "అన్నా, వచ్చే శనివారం ఎవరి వంతు?"

"ఇంకా ఎవలూ ఒప్పుకోలేదక్కా."

"అయితే ఈయన వస్తాడు."

"అనసూయా!"

"ఆ పై శనివారం కూడా."

తెలంగాణ కోసం ఎవరెవరు ఏమేం చేశారో గాని, శనివారం వచ్చిందంటే మునిస్వామి మాత్రం షామియానా తప్పింది లేదు. అనసూయమ్మ స్వయంగా తెచ్చి దించి, సాయంత్రం స్వయంగా తీసుకుపోయేది. సన్మానాలు జరిగాయి, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. ఆయన పస్తు మీద గౌరవంతో సాయమ్మ వారం వారం వండేది. గడి ముందు బందోబస్తు కోసం పోలీసులు పోటీలు పడి డ్యూటీ వేయించుకునేవారు. తెలంగాణ త్వరగా రావాలని ఆ షామియానా కింద కూర్చున్నవాళ్ళందరిలోకీ మనస్ఫూర్తిగా కోరుకున్నది మదనపల్లె మునిస్వామే.

చివరికి రాష్ట్రం ప్రకటించిన రోజున రాళ్లకుంటలో పటాకులు కాల్చారు, మిఠాయిలు పంచారు, షామియానా విప్పేశారు. మునిస్వామి బాలనర్సయ్యను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చి, రెండు చేతులా లడ్డూలు తిన్నాడు. అంతమంది సంబరాల్లో అనసూయమ్మ ఒక్కతే దిగులుగా నిలబడింది.

తెలంగాణ వచ్చింది. ఏడాది తిరక్కుండా మునిస్వామికి షుగరూ వచ్చింది.