లైసెన్సు నంబరు ఒకటి

"ఇకపై మన నీళ్ళలో నేర్చుకోనివాడి చేతికి స్టీరింగు దక్కదు" అని మంత్రి టోర్కెల్ లిండ్‌క్రోన స్టాక్‌హోమ్ రేవులో ప్రకటించారు. నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని మరీ ప్రకటించారు. ఆయన నిలబడింది గట్టు మీదే. అయినా నీళ్ళు పక్కనే ఉన్నాయి గనుక జాగ్రత్త మంచిదేనని పత్రికా సలహాదారు మాల్టెకు తోచింది. మంత్రిగారు ఏం చేసినా అందులో ముందుచూపు మాల్టెకు కనబడి తీరుతుంది. అతని ఉద్యోగమే అది.

అంతకు ముందు వేసవిలో గ్రోషేర్ దీవి దగ్గర ఈదుతున్న ఈవర్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడి మీదుగా ఒక మోటారు పడవ దూసుకుపోయింది. కుర్రాడు దక్కలేదు. నడిపినాయన నగరంలో పేరున్న పళ్ళ డాక్టరు. పడవ కొని వారమైంది. నేర్చుకుని తీరాలని ఏ చట్టంలోనూ లేదు కాబట్టి, నేర్చుకోకపోవడం నేరం కాదని కోర్టు తేల్చింది. కుర్రాడి తల్లి గున్‌వోర్ ఏడాదిపాటు మంత్రిగారి ఆఫీసు మెట్లు ఎక్కింది, దిగింది. చివరికి ఆయన ఆవిణ్ణి లోపలికి పిలిపించి, రెండు చేతులూ పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. రెండుసార్లు పెట్టుకున్నారు. మొదటిసారికి టీవీవాళ్ళ కెమెరా ఇంకా సిద్ధం కాలేదు.

ఎవర్నీ నొప్పించని బిల్లు ఒకటి తయారు చెయ్యమని మాల్టెకు పురమాయించారు.

ముందుగా పడవ యజమానుల సంఘం వచ్చింది. యాభై దాటినవాడికి అనుభవాన్ని మించిన బడి ఏముందని అడిగింది. మంత్రిగారికి యాభై ఆరు. పాయింటు చప్పున అర్థమైంది. తర్వాత పడవలు తయారుచేసేవాళ్ళు వచ్చారు. పెద్ద ఇంజను కొనే పెద్దమనిషిని బెంచీ మీద కూర్చోబెడితే పక్కదేశం పోయి కొనుక్కుంటాడని బాధపడ్డారు. అందుకని పెద్ద ఇంజన్లని వదిలేశారు. కుర్రాళ్ళ నెత్తిన ఇంకో పరీక్షా అని పార్టీ యువజన విభాగం అలిగింది. పాతికేళ్ళలోపు వాళ్ళని వదిలేశారు. గాలికి లైసెన్సు ఎవడిస్తాడని తెరచాప పడవలవాళ్ళు నిలదీశారు. వాళ్ళనీ వదిలేశారు. ఇక తీరంలో వేసవి ఇళ్ళున్నవాళ్ళు తాతల నాటి నుంచి పడవలు నడుపుతున్నారు, పార్టీకి ఓట్లేసేదీ తాతల నాటి నుంచే. చేపలు పట్టేవాళ్ళకి వృత్తి కార్డు ఎలాగూ ఉంది.

"ఇంతకీ ఎవరు మిగిలారోయ్?" అన్నారు మంత్రిగారు ఒకరోజు.

"ఏడాది పొడుగునా దీవిలోనే ఉంటూ, పాతికకీ యాభైకీ మధ్యలో ఉండి, చిన్న మోటారు పడవ ఉండి, ఏ సంఘంలోనూ లేనివాళ్ళు" అన్నాడు మాల్టె. "దీవి దీవికీ ఫోన్ చేశాను. ఒక్కరే తేలారు."

"ఎవరు?"

"గున్‌వోర్."

"చట్టం కావాలని అడిగింది ఆవిడేగా" అన్నారు మంత్రిగారు. "లేదనకుండా ఇచ్చాం."

బిల్లు నెగ్గింది. దానికి ఈవర్ చట్టమని పేరు పెట్టారు. సభ లేచి నిలబడి మౌనం పాటించింది.

శిక్షణ తరగతులు నగరంలోని ఆటలహాల్లో పెట్టారు. నీళ్ళు ప్రమాదకరమని శాఖ అప్పటికే గుర్తించింది కాబట్టి, నీళ్ళకి వీలైనంత దూరంగా పెట్టారు. ముగ్గురు బోధకులు, నూరు కుర్చీలు, ఒక్క విద్యార్థి. తరగతులకి ముందురోజు గున్‌వోర్ మాల్టెకు ఫోన్ చేసింది. క్లాసుకి రావాలంటే దీవి నుంచి పడవ నడపాలనీ, పడవ నడపాలంటే లైసెన్సు ఉండాలనీ, లైసెన్సు కావాలంటే క్లాసుకి రావాలనీ చెప్పింది. మాల్టె న్యాయవిభాగాన్ని కనుక్కున్నాడు. లైసెన్సు రాగానే నిరభ్యంతరంగా బయల్దేరవచ్చని వాళ్ళు రాసిచ్చారు.

"తెడ్లేసుకుని వస్తాలే బాబూ" అంది గున్‌వోర్. "తెడ్లకి ఇంకా చట్టం లేదుగా."

వచ్చింది, రోజూ. తీరవాసుల్లో వ్యాయామం పట్ల పెరుగుతున్న శ్రద్ధ గురించి మాల్టె పత్రికలకి ఒక ప్రకటన పంపాడు. మధ్యాహ్నం హాల్లోకి తొంగిచూస్తే, తొంభైతొమ్మిది ఖాళీ కుర్చీల మధ్య ఆవిడ బొబ్బలెక్కిన చేతులతో రొట్టె తుంచుకుని తింటోంది. అతను చేతిలో ఉన్న దాల్చినచెక్క బన్ను జేబులో దాచుకున్నాడు. వారాంతానికి ఆవిడ పాసైంది. ఉత్తీర్ణత నూటికి నూరు శాతమని మంత్రిగారు పార్లమెంటులో బల్ల చరిచి చెప్పారు.

ఆగస్టులో, మంచి ఎండ కాస్తున్న రోజున, గ్రోషేర్ రేవులోనే లైసెన్సు ప్రదానం పెట్టుకున్నారు. మంత్రిగారు తయారీదార్లు ఎరువిచ్చిన పడవని స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. వయసు రీత్యా, ఇంజను రీత్యా, వేసవి ఇంటి రీత్యా ఆయనకి లైసెన్సు అక్కర్లేదు. రేవు పక్కన దీవి పిల్లలంతా నీళ్ళలోనే ఉన్నారు. మంత్రిగారు ఉపన్యసించి, ఒకటో నంబరు కార్డు గున్‌వోర్ చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పమన్నారు.

"చెప్పేదేం లేదు, అడిగేది ఒకటుంది టోర్కెల్" అంది ఆవిడ. "ఆ పళ్ళ డాక్టరు కూడా ఈ క్లాసులకి రావాలా?"

మంత్రిగారు మాల్టె వైపు చూశారు. మాల్టె మైకుకి దూరంగా తల తిప్పుకుని చెప్పాడు.

"ఆయనకి యాభై మూడు."

"పైగా పడవ పెద్దది" అని మంత్రిగారు ఆప్యాయంగా ఆవిడ భుజం తట్టారు.

వాద్యబృందం అందుకుంది. పక్కదీవిలో రొయ్యపీతల విందుకి అప్పటికే ఆలస్యమైంది. పత్రికలవాళ్ళని ఎక్కించుకుని, కెమెరాలకి నురగ బాగా పడాలని మంత్రిగారు రేవులోంచే పూర్తి వేగం అందుకున్నారు. మాల్టె వెనక్కి తిరిగి చూశాడు. గున్‌వోర్ గట్టు అంచుదాకా పరుగెత్తుకొచ్చి, రెండు చేతులూ ఎత్తి ఊపుతూ, గొంతు చించుకుని అరుస్తోంది. ఇంజను హోరులో మాటలు వినపడలేదు. నీళ్ళలోని పిల్లలు మాత్రం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ గట్టెక్కి ఆవిడ వెనకాల చేరారు. ఆవిడ వాళ్ళ తలలు లెక్కపెట్టుకుంటోంది.

"ఎంత అభిమానమో చూడు" అన్నారు మంత్రిగారు. స్టీరింగు వదిలేసి, రెండు చేతులతోనూ అభివాదం చేశారు.

మాల్టె ఫోటో తీశాడు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో అదే పడింది.