ఎల్వుడ్ గరాజులో మూడు టైమర్లు

ఎల్వుడ్ కెస్లర్‌కి గుండె అయిపోవచ్చిందనీ, ఆసుపత్రివాళ్ళు ఇక లాభం లేదని ఇంటికి పంపేశారనీ, గరాజులో గుండెకి మెషీను తగిలించుకుని నిలబడి ఉన్నాడనీ బెర్నిస్ హోల్ట్ చెప్పిందట. జుట్టు కత్తిరించే కొట్లో చెప్పిందని కొందరంటారు, పోస్టాఫీసులో అని కొందరంటారు. రెండు చోట్లా చెప్పే ఉంటుంది. బెర్నిస్ వాళ్ళ పక్కింటావిడ. ఆవిడ నోట పడిన కబురు సాయంత్రానికల్లా ఊరి చివర ధాన్యం గోదాముల దాకా నడిచి వెళ్ళేది. దానికి కాళ్ళు ఆవిడే అతికించేది.

"కుయ్యిమంటుంది, ఆగుతుంది, మళ్ళీ కుయ్యిమంటుంది. ఆగినప్పుడల్లా నా ప్రాణం గొంతులోకొస్తోందనుకో" అందట.

జరిగింది వేరు. మా ఊరికి తూర్పున, రాయి అయిపోయి వదిలేసిన కంకర క్వారీ ఒకటి ఉంది. అందులోనే మా పిస్తోలు క్లబ్బు. ఒకచోట నిలబడి తీరిగ్గా గురి చూసే ఆట కాదు అక్కడిది. పరుగెత్తాలి, చెక్కల చాటు నుంచి తొంగి చూడాలి, కనబడిన అట్టబొమ్మనల్లా కొట్టాలి. ఎన్ని తగిలాయన్నదే కాదు, ఎంత త్వరగా ముగించావన్నదీ లెక్కే. క్లబ్బు పుట్టిన నాటి నుంచి ఆ వేగాన్ని కొలిచినవాడు ఎల్వుడ్. మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ. ఈల ఊదితే మొదలు, చివరి తూటాకి బొటనవేలు నొక్కితే ముగింపు. నెబ్రాస్కా దుమ్ములో కౌంటీ రోడ్లు చదును చేసే బండి మీద బతుకంతా కూర్చున్న మనిషికి ఆ ఈల ఒక్కటే ఊరు పెట్టిన కిరీటం.

ఆ రోజులు వేరు. వాన పడితే ట్రక్కుల్లో దూరి, ఫ్లాస్కు మూతల్లో కాఫీ పంచుకునేవాళ్ళం. "నీ వేలు ఆలస్యమైందయ్యా" అని ఎవడో ఒకడు ఎల్వుడ్ మీదకి తగువుకొచ్చేవాడు. "నీ కాలు ఆలస్యమైంది, నా వేలు దాని వెనకాలే వచ్చింది" అనేవాడు ఎల్వుడ్. ఆడవాళ్ళు కాల్చి తెచ్చిన ఆపిల్ పై అనే తీపి రొట్టె ముక్క నోట్లో పడేసరికి తగువు కరిగిపోయేది. చెవులకి అడ్డు పెట్టుకోవాలన్న ధ్యాస ఎవరికీ ఉండేది కాదు. కొందరు సిగరెట్టు ఫిల్టరు తుంచి కుక్కుకునేవారు. మా ప్రెసిడెంటు మెర్ల్ సోవర్ మాత్రం కాల్చిన తూటాల గుల్లలు రెండు చెవుల్లో బిగించుకుని, కొమ్ములు దారి తప్పిన దూడలా తిరిగేవాడు. బూటు మడమ అరిగితే కొత్తది కొట్టించుకోవచ్చు. చెవి అరుగుతుందనీ, ముందుగా సన్నటి కూతలే వినబడకుండా పోతాయనీ మాకెవరూ చెప్పలేదు.

అలాంటి క్లబ్బులోకి ఎలక్ట్రానిక్ టైమరు అనే మాట తెచ్చినవాడు డ్వైట్. ధాన్యం ఆరబెట్టే గోదాము మేనేజరు, క్లబ్బులో అందరికన్నా చిన్నవాడు. చిన్నవాడంటే నలభై దాటినవాడని అర్థం.

"దానంతటదే కుయ్యిమని మోగి ఆట మొదలుపెడుతుంది. ప్రతి తూటా మోతనీ అదే వింటుంది. చివరిదాని టైము తన చిన్న తెర మీద చూపిస్తుంది. వేలు అలిసిపోతుంది గానీ యంత్రం అలిసిపోదు కదా" అన్నాడు మీటింగులో.

ఎల్వుడ్ ఈలని చొక్కా లోపలికి దోపుకున్నాడు.

"ఇంకో మాట. అది పట్టుకునే మనిషికి చెవులు బాగుండాలి. డాక్టరు దగ్గర చూపించుకు రావాలని రూలు పెడదాం" అన్నాడు డ్వైట్. అందరూ బుర్ర ఊపారు. ఏం విని ఊపారో ఆనాడు ఎవరూ అడగలేదు.

మెర్ల్ మంచివాడు. పాత స్నేహితుడి మొహం చూసి, "టైమరు ఏది కొనాలో ఎల్వుడే తేలుస్తాడు. పట్టుకునేదీ ఎల్వుడే. డాక్టరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ వారం సిటీలో టైమర్లమ్మే కొట్టువాడు మూడు రకాలు పంపాడు. వాడి చూసి, శనివారం పోటీలో ఒకటి ఉంచుకుని మిగతా రెండూ తిరిగివ్వాలి.

సోమవారం పొద్దున ఎల్వుడ్ ఏర్పాటు చాలా సాదాగా ఉంది. భార్య ఆర్డిస్ బడి వంటశాలలో పనికి వెళ్ళగానే రెండో కప్పు కాఫీ తాగడం, గరాజులో ఖాళీ పిస్తోలు నడుముకి కట్టుకోవడం, మూడు టైమర్లనీ ఒకదాని తర్వాత ఒకటి మోగించి చూడడం. మధ్యాహ్నానికల్లా అయిపోవలసిన పని.

మొదటిదాని మీట నొక్కాడు. చప్పుడు లేదు. చెవికి ఆనించాడు. లేదు. బ్యాటరీ మార్చాడు. దాని పక్కనున్న కాగితంలో, ఒంటరిగా సాధన చేసేవాళ్ళకి ఫలానా మీట తిప్పితే ఆగి ఆగి దానంతటదే మోగుతుందని ఉంటే అదీ తిప్పాడు. గరాజంతా జనం లేని చర్చిలా నిశ్శబ్దంగా ఉంది. "చచ్చు సరుకు" అనుకుని కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు. మోగనిదాన్ని ఆపడం ఎందుకని ఆపలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. మూడు చచ్చు సరుకులు ఒకే పెట్టెలో రావని తెలియనంత అమాయకుడేం కాదు ఎల్వుడ్. అందుకే కళ్ళు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఎక్కడో ఒకచోట చిన్న కూత తగలకపోతుందా అని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

సరిగ్గా ఆ భంగిమలోనే బెర్నిస్ కిటికీలోంచి చూసింది. మూడు యంత్రాలూ పోటీలు పడి కూస్తున్నాయి. తలుపు కొట్టింది, పలకకపోతే లోపలికే వచ్చేసింది. కళ్ళు తెరిచి ఎల్వుడ్ ఉలిక్కిపడేసరికి ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

"ఈ మెషీన్లు ఎన్నాళ్ళుంటాయయ్యా?" అంది, దగ్గరగా వచ్చి.

"శనివారం దాకా. ఈలోపు ఏదో ఒకటి తేలిపోవాలి."

"ఆర్డిస్‌కి తెలుసా?"

తన చెవుల సంగతి ఈవిడకి దొరికిపోయిందేమోననుకున్నాడు ఎల్వుడ్. "తెలీదు. నువ్వు చెప్పకు తల్లీ. నేనే టైము చూసి చెబుతా" అన్నాడు.

చెప్పకు అంటే ఆర్డిస్‌కి ఒక్కదానికే చెప్పలేదు బెర్నిస్. మాట నిలబెట్టుకునే మనిషి. మా చర్చిలో ప్రార్థన గొలుసని ఒకటుంది. కష్టం వస్తే ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి ఫోను చేసుకుంటారు. ఆ రాత్రి గొలుసులో ఒక్క లంకె తెగలేదు, ఆర్డిస్ లంకె తప్ప.

మంగళవారం నుంచి ఇరుగుపొరుగు తెచ్చిచ్చే వంటల గిన్నెలు మొదలయ్యాయి. మా వైపు గిన్నెకో అర్థం ఉంది. కాలు విరిగితే జున్ను వేసి కాల్చిన నూడుల్స్ క్యాసరోల్ వస్తుంది. కడుపు కోస్తే కోడి. డాక్టరు తల అడ్డంగా ఊపాడంటే రంగురంగుల జెల్లీ సలాడు. కాల్చిన పంది తొడ, అదే హామ్, వచ్చిందంటే మనిషి వెళ్ళిపోయినట్టే. ఎల్వుడ్ నూడుల్స్ తిన్నాడు, కోడి తిన్నాడు. "చర్చిలో ఏదో విందు మిగిలిందట" అని భార్యకి చెప్పాడు. ఆవిడ గిన్నెల అడుగున అతికించిన పేర్లు చూసి, కడిగి వరసగా పెట్టింది. ఎల్వుడ్ పొద్దున మళ్ళీ తిప్పి వదిలేసిన మూడు మీటలనీ సాయంత్రం పూట గరాజులోకి వెళ్ళి కట్టేసేది. ఎందుకు మోగుతున్నాయని ఒక్కనాడూ అడగలేదు.

బుధవారం పాస్టరు వచ్చి ఎల్వుడ్ చేతులు పట్టుకుని తల వంచి చాలాసేపు మాట్లాడాడు. వంచిన తల నుంచి వచ్చే మాట ఎల్వుడ్‌కి అందదు. క్లబ్బు బాగు కోసం ప్రార్థిస్తున్నాడు కాబోలనుకుని, "కానీండి, త్వరగా అయిపోతే నాకూ హాయి" అన్నాడు. పాస్టరు కారులోకి వెళ్ళి కూర్చుని ముక్కు చీదుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆర్డిస్ ఇంటికొచ్చేసరికి బల్ల మీద హామ్ ఉంది. లవంగాలు గుచ్చి, అనాస చక్రాలు పరిచి, దర్జాగా ఉంది. పేరు చూసింది, బెర్నిస్. ఫోను తీసి అయిదు నిమిషాలు విని పెట్టేసింది. మొగుడికి ఎదురుగా, పెదాలు కనబడేలా కూర్చుంది.

"నువ్వు రేపో మాపో పోతున్నావట."

"నేనా? ఎవరన్నారు?"

"ఊరు. గరాజులో గుండె మెషీను కూస్తోందట."

ఎల్వుడ్ హామ్‌ని కాస్త అవతలికి జరిపాడు. "అయితే మోగుతున్నాయా అవి?" అన్నాడు చిన్నగా.

"సోమవారం నుంచీ. మూడూ."

"మూడూనా?"

"కుక్కలు కూడా ఆ వైపు రావడం మానేశాయి, ఎల్వుడ్."

గోడ గడియారం కింద మేకుకి ఈల వేలాడుతోంది. అటు చూసి, "నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"నాతో గొడవపడడం మానేసినప్పటి నుంచి."

ఆమె ఫోను దగ్గరికి లేచింది, అందరికీ నిజం చెప్పేద్దామని. ఎల్వుడ్ అడ్డం వచ్చాడు. "ఆగవే. జబ్బు లేదంటే ఆ కూతలేంటంటారు. కూతలేంటంటే చెవులు బయటపడతాయి. డ్వైట్ ఎదురుచూసేది అందుకే. ఈల తీసేసుకుంటారు."

"అయితే ఏమనమంటావు?"

"పోతున్నాననుకోనీ. అది పరవాలేదు. చెవుడని మాత్రం అనకు."

శనివారం క్వారీలో ఎప్పుడూ లేనంత జనం. ఎల్వుడ్ కోసం కుర్చీ వేసి దుప్పటి పరిచారు. ఆపిల్ పైల బల్ల దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి, అతను రెండో ముక్క తింటుంటే "పాపం, ఎంత ధైర్యం" అనుకుంటున్నారు. మెర్ల్ టోపీ తీసి నడుముకి ఆనించుకున్నాడు. మొదటి ఏడాది మంచులో ఈల పెదాలకి అతుక్కుపోతే వేడి కాఫీ పోసి ఊడదీసిన సంగతి చెప్పాడు. టోర్నడో సైరను మోగిన రోజు, ఆట మధ్యలో ఉన్నవాడు ముగించేదాకా ఎల్వుడ్ వాచీ పట్టుకుని కదలకుండా నిలబడ్డ సంగతి చెప్పాడు. అది ధైర్యమనుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నిజానికి సైరను కూడా అతనికి అందలేదేమో, ఆర్డిస్ మాత్రం కళ్ళు తుడుచుకోలేదు.

"మొదటి ఆట ఎల్వుడ్ చేతిమీదుగా, కొత్త టైమరుతో" అన్నాడు మెర్ల్.

గీత మీదకి వచ్చినవాడు డ్వైట్. "పెద్దాయనా, ఆ చెవుల మాట మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఎల్వుడ్ టైమరు చేతిలోకి తీసుకున్నాడు. ఇది మోగుతుంది, డ్వైట్ కదులుతాడు, ఎక్కడ ఎప్పుడు మోగిందో తనకి తెలియదు, అందరి కళ్ళూ తన మీదే.

"సిద్ధమా? కాచుకో" అని మీట నొక్కాడు.

డ్వైట్ చేతులు వేలాడేసి నిలబడ్డాడు. ఎల్వుడ్ నిలబడ్డాడు. గాలికి అట్టబొమ్మలు ఊగాయి. ఎంతకీ డ్వైట్ కదలడు. ఎల్వుడ్ మళ్ళీ నొక్కాడు. డ్వైట్ ఓరగా చూసి, "నొక్కావా, పెద్దాయనా?" అన్నాడు.

మెర్ల్ వచ్చి తీసుకుని నొక్కాడు, విదిలించాడు, ఈమధ్య అలవాటైన చెవిమూతలు పైకెత్తి టైమరుని చెవికి అదుముకున్నాడు. పక్కవాడికిచ్చాడు. అతను మరొకరికిచ్చాడు. క్లబ్బంతా చేతులు మారింది. రెండోది తెచ్చారు, మూడోది తెచ్చారు. "బ్యాటరీ పోయింది", "తీగ తెగింది", "సిటీ సరుకింతే" అని తలో మాట. ఎల్వుడ్ ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి డ్వైట్ దగ్గర ఆగాడు. గోదాములో ఆరబెట్టే యంత్రాల మధ్య ఇరవై ఏళ్ళు గడిపిన ఆ మొహంలో, సోమవారం గరాజులో తన మొహం ఎలా ఉండి ఉంటుందో అచ్చం అదే కనబడింది.

"తీర్మానం. మూడూ వెనక్కి. చచ్చు సరుకు. మనకి ఈలే గతి" అన్నాడు మెర్ల్. చేతులన్నీ లేచాయి. డ్వైట్ చెయ్యి అందరికన్నా ముందు లేచింది.

తీర్మానం పక్కాగా ఉండాలని మెర్ల్ ఆపిల్ పైల బల్ల వైపు తిరిగి కేకేశాడు. "ఆర్డిస్, వారమంతా మీ ఇంట్లోనే ఉన్నాయి కదమ్మా. వీటిల్లో ఒక్కటైనా ఒక్కసారైనా మోగిందా?"

ఎల్వుడ్ ఆమె వంక చూశాడు. ఆమె ఎల్వుడ్ వంకా, ఈల వంకా, మెర్ల్ చేతిలో ఉన్న టైమరు వంకా చూసింది. ఆమె పక్కన బెర్నిస్ రెండు చెవులూ మూసుకుని ఉంది.

"ఇప్పుడు మోగుతోంది, మెర్ల్" అంది.