గీత కింద పోలమ్మ

ఆ పొద్దున్న శ్రీదేవి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. భర్త ఆదిబాబు కంపెనీలో పొద్దుటి షిఫ్టుకి వెళ్లిపోతాడు. అత్తగారు పోలమ్మ పాలకని బయల్దేరి, పాలతోబాటు తాముండే బర్మామైన్స్ కాలనీ వార్తలన్నీ సేకరించుకుని నిదానంగా తిరిగొస్తుంది. ఈలోగా వంట ముగించి, భాలుబాసాలో చుట్టాలింటికని చెప్పి, సాక్చిలోని కోచింగ్ సెంటర్‌కి వెళ్లాలి. అక్కడ ప్లస్ టూ పిల్లలకి రసాయనశాస్త్రం పాఠమొకటి చెప్పి చూపించి, ఉద్యోగం ఖాయం చేసుకుని వచ్చేయాలి. ఉద్యోగం వస్తే అప్పుడే ఇంట్లో చెప్పవచ్చు. రాకపోతే చెప్పడానికేమీ ఉండదు. పెళ్లయిన దగ్గర్నుంచి పట్టించుకోని బీఎస్సీ పట్టాకి ఇదే మొదటి అవకాశం, బహుశా చివరిదీ.

పాఠం పేరు సమతాస్థితి. పుట్టినవి పైన, మొదట ఉన్నవి కింద, మధ్య అడ్డగీత, ఒక్కోదానికి చదరపు బ్రాకెట్లు. అంతవరకూ గుర్తుంది. సున్నపురాయిని కాలిస్తే సున్నమూ, కార్బన్ డయాక్సైడూ వస్తాయి. దీనికి స్థిరాంకం సూత్రం రాసేటప్పుడు ఏదో వదిలేయాలని లెక్చరరు గట్టిగా చెప్పినట్టు కూడా గుర్తే. ఏది వదిలేయాలో చెప్పిన నిమిషంలో తాను కిటికీలోంచి చూస్తోంది కాబోలు, అదొక్కటే గుర్తులేదు.

బోర్డు మీద పెద్ద అక్షరాలు వంకరపోతాయేమోనని, ముగ్గు వేయాల్సిన గుమ్మం ముందు గచ్చు మీద సుద్దముక్కతో రాసి చూసుకుంది. ముందు స్థిరాంకం, సమానం గుర్తు; తర్వాత ఇంగ్లీషు సంకేతాల్లో, ఒక్కోటీ బ్రాకెట్లలో, పైవరసలో సున్నం (CaO), దాని పక్కన కార్బన్ డయాక్సైడ్, గీత, కింద సున్నపురాయి. అక్షరాలు తీరుగానే వచ్చాయి. సూత్రమే తేడాగా కనిపించింది. నడుం మీద చెయ్యివేసుకుని అది చూస్తుండగా లోపల పప్పు మాడిన వాసన వచ్చింది. ఆమె పరిగెత్తుకెళ్లి, కుక్కరు దించి తిరిగొచ్చేసరికి, పాలప్యాకెట్టు గుండెలకి హత్తుకుని గుమ్మం అవతల పోలమ్మ నిలబడి ఉంది.

"ఓలమ్మో! ఏటే ఇది?"

శ్రీదేవి నోరు తెరిచింది. నేనే రాశానంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే పథకం బయటపడుతుంది. నోరు మూసి, మళ్లీ కొంచెమే తెరిచింది.

"ఏటో అత్తా. నాను లోపలున్నాను."

"ఎవులో మనింటికి చిల్లంగి పెట్టీసినారే! సూడు, నలుచదరంగా మూడు గోతులు. మనవూ ముగ్గురవే. పైన రెండు, గీత కింద ఒకటి. ఆ కింద గొయ్యి ఎవులిది?"

"ఎవులిది?"

"నీదా? ఆదిబాబుదా? మనింట్లో కిందకెల్లిపోయే వయసు ఎవులిదే?"

ఆ లెక్కలో శ్రీదేవికి తప్పేమీ దొరకలేదు. తన సూత్రం కంటే అదే నమ్మకంగా ఉంది.

"తుడిచేత్తాను అత్తా, ఉండు."

"కాలు బయట పెట్టకు! తొక్కినావంటే నీకూ అంటుకుంటాది. ఇది కడిగీదాకా గడప దాటితే నా మీదొట్టు."

ఆ క్వార్టరుకి ఉన్నది ఒకే గుమ్మం. గుమ్మం ముందు సున్నపురాయి, సున్నపురాయి అవతల అత్తగారు, అత్తగారి అవతలెక్కడో సాక్చి. గోడమీద గడియారం మాత్రం సెంటర్‌వైపే నడుస్తోంది.

కేకలు విని ఎదురింటి బాలకుమారి వచ్చింది. "మేం చిల్లంగులూ చేతబళ్లూ గట్రా నమ్మం పిన్నీ" అంటూనే, పోలమ్మ అడిగిన పసుపునీళ్లు చెంబునిండా కలిపి తెచ్చింది. తర్వాత గీతకి దూరంగా జరిగి, నమ్మనివాటినుంచి కాపాడమని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

ఇంతలో పక్కింటి భీమారావు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. క్రేన్ ఆపరేటరుగా రిటైరైన మనిషి. ఇంగ్లీషు అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేడు.

"అరె, చిల్లంగి కాదు, గిల్లంగి కాదు. సర్వే మార్కింగ్ ఇది. సి, ఏ, ఓ. మత్‌లబ్ చీఫ్ ఏరియా ఆఫీసరు. పైనున్న క్వార్టర్లు ఉంచుతారు. గీత కింద వరస పడగొట్టీడమే."

బాలకుమారి ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచింది. వాళ్లిల్లు వీధికి దిగువన ఉంది.

"కిందంటే మా వరసేనా అన్నయ్యా?"

"సుద్దతో రాసినారు కదా, ఇంకా పక్కా కాలేదేమోలే" అని భీమారావు ఓదార్చాడు. ఆ ఓదార్పు వీధి చివరికి చేరేలోపు పడగొట్టే తేదీ కూడా ఖరారైపోయింది. జనం పోగయ్యారు. మోటారుసైకిళ్లు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి.

అప్పుడే సెంటర్ యజమాని ఎబెనేజర్ సారు ఫోను. శ్రీదేవి వంటగదిలోకెళ్లి గొంతు తగ్గించింది.

"ఇంకా బయల్దేరలేదామ్మా? పిల్లలొచ్చేశారు."

"గుమ్మం దాటలేకపోతున్నాను సార్. అడ్డుంది."

"ఏముంది?"

"సున్నపురాయి సార్."

ఎబెనేజర్ సారుకి వేరే దారి లేదు. పాత మాస్టారు సంవత్సరం మధ్యలో మానేశాడు. ఇంకో మాస్టారు దొరికే ఆశ లేదు.

"ఇల్లెక్కడో చెప్పండి. నేనే వస్తాను" అన్నాడు.

బయట పోలమ్మ పనిలో దిగింది. చీపురు పసుపునీళ్లలో ముంచి, ముందు గీత కింద గొయ్యి మీద పడింది. అక్షరం ఆనవాలు పోయేదాకా రుద్దింది. తర్వాత గీత తుడిచింది. ఆ తర్వాత పైవరసలో మొదటిది, కొడుకుదని, అదీ తుడిచింది. అక్కడితో చెంబు ఖాళీ అయింది.

"మరి నాది, అత్తా?" అంది గడప లోపల్నుంచి శ్రీదేవి.

"నీల్లయిపోనాయి. నీది తరవాత సూద్దాం."

అంతలో ఎబెనేజర్ సారు స్కూటరు దిగాడు. కళ్లద్దాలు, టై, చేతిలో తోలుబ్యాగు. భీమారావు ఆయన్నే ఆ ఆఫీసరనుకుని, మడిచికట్టిన లుంగీ దించి దండం పెట్టాడు.

"సాబ్, హమారా లైన్ మత్ తోడియే సాబ్! మా వరస పడగొట్టొద్దు! రెండు మూడేళ్లు ఆగండి, పిల్ల పెళ్లుంది."

"నేను కోచింగ్..."

"కోచింగ్ తరవాత సాబ్, ముందు మా ఇల్లు సూడండి!" అని బాలకుమారి ఆయన్ని దిగువకి లాగింది. ఎగువవాళ్లు ఎగువకి లాగారు. ఆ లాగుడులో ఆయన వచ్చి శ్రీదేవి గుమ్మం ముందు ఆగి, కిందికి చూసి, కదలడం మానేశాడు. పచ్చటి తడిగచ్చు మీద స్థిరాంకం, దాని పక్కన సమానం గుర్తు, ఆపైన బ్రాకెట్లో ఒకే ఒక్క కార్బన్ డయాక్సైడ్.

"ఎవరు రాశారిది?"

"మీరే కదా సాబ్?" అన్నాడు భీమారావు.

"రాసినోడు దొరకలేదు బాబూ. రెండు గోతులు తుడిసింది నాను" అంది పోలమ్మ.

తడిలో ఇంకా లీలగా కనబడుతున్న సుద్ద మరకల్ని ఎబెనేజర్ సారు వంగి చూశాడు. "సున్నాన్నీ, సున్నపురాయినీ మీరే తీసేశారా?"

"అయ్యేటో నాకు తెలీదు. అక్కడుండకూడదు, తీసీసినాను."

"మరి దీన్నెందుకు ఉంచారు?"

"అది మా కోడలిది."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నెత్తీ నోరూ కొట్టుకున్నా మా పిల్లలు ఆ రెండూ వదలరమ్మా" అన్నాడు.

గచ్చు మీద మిగిలినదాన్ని చూస్తుంటే శ్రీదేవికి లెక్చరరు మాట మొత్తం, కిటికీతో సహా, గుర్తొచ్చేసింది. గడప దాటి వచ్చింది.

"రాసింది నేను సార్. దిద్దింది మా అత్తగారు."

"ఎందుకు తీసేయాలో చెప్పగలరా?"

"మూసిన కొలిమిలో సున్నం బస్తాడున్నా, పిడికెడున్నా దాని గాఢత ఒకటే సార్. రాయీ అంతే. మారేది వాయువొక్కటే. మారనివాటిని సూత్రంలో రాయక్కర్లేదు."

"సోమవారం నుంచి వచ్చేయండి" అన్నాడాయన.

పోలమ్మ చీపురు కింద పడేసింది. "నువ్వా రాసింది? నన్ను గీత కిందెందుకేసినావే?"

"కిందున్నది మొదట్నుంచీ ఉన్నది అత్తా. పైవన్నీ దాంట్లోంచి పుట్టినవే."

పోలమ్మ ఆలోచించింది. "అయితే అది నానే. మరి మారనోల్లని తీసీయాలన్నావు?"

"తీసీకూడదత్తా. ఆల్లు లేకపోతే ఏదీ నిలబడదు. పేరు రాయక్కర్లేదు, అంతే."

ఈ మాట పోలమ్మకి పొగడ్తలాగా వినిపించింది, కాకపోతే ఎక్కడో తేడాగా కూడా వినిపించింది. తేల్చుకోలేక, ఎబెనేజర్ సారుని టీ తాగి వెళ్లమంది. భీమారావు మాత్రం ఆఫీసరు అత్తాకోడళ్లతో లోపాయికారీగా మాట్లాడుకున్నాడనే నమ్మకంతో ఇంటికెళ్లాడు.

ఆ సాయంత్రం పోలమ్మ సోంపేటలోని చెల్లెలికి ఫోను చేసి, సెంటర్‌వాళ్లు ఇంటికొచ్చి మరీ పాఠాలు చెప్పమని తననే అడిగారనీ, మోకాళ్ల నొప్పులవల్ల కోడల్ని పంపిస్తున్నాననీ చెప్పింది.