తెల్లగుడ్డ కప్పిన గిన్నె

ఆ ఉదయం ఫిలొమేనా పెట్టుకున్న పని ఒక్కటే: ఎవరి కంటా పడకుండా గిన్నెడు మొదటి రకం స్ట్రాబెర్రీలు తినడం. సొంత పొలంలో పండినవి తినడానికి దొంగచాటు ఎందుకని మీరడగొచ్చు. మీరు సెరఫిన్ పెళ్ళాం కాదు గనక అడుగుతారు. ఆల్ప్స్ కొండల్లోని మా మార్టెల్ లోయలో మంచి పళ్ళు సహకార సంఘానికి పోతాయి, నలిగినవీ పిట్టలు కొట్టినవీ ఇంటికొస్తాయి. సెరఫిన్ ఈ నియమాన్ని ప్రార్థనకంటే నిష్ఠగా పాటించే మనిషి. కాపురానికొచ్చిన నాటి నుంచీ జామ్ కాస్తూనే ఉన్న ఫిలొమేనాకి, నిండైన పండు మీగడతో తింటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఈ ఏడు పట్టుదల పుట్టింది.

మొగుడు బుట్టలు తూకానికి తీసుకెళ్ళగానే ఆమె గిన్నె నింపి, చేతికందిన గుడ్డ కప్పి, మీగడ సీసా జేబులో వేసుకుని, కొండమీద చర్చి వెనకున్న బల్ల వైపు బయల్దేరింది. చిక్కంతా ఆ గుడ్డతోనే వచ్చింది. అది అంచులకు కుట్టుపని చేసిన తెల్లగుడ్డ. మా ఆడవాళ్ళు అలాంటి గుడ్డ కప్పిన గిన్నెతో వీధిలో నడిచేది బాలింతను చూడబోయేటప్పుడే.

నీళ్ళతొట్టి దగ్గర పొరుగింటి వాల్‌బుర్గా ఆపనే ఆపింది. "ఎవరింటికి వదినా?"

నిజం చెబితే అన్నాలవేళకి సెరఫిన్ చెవిన పడుతుంది. "పైకి," అంది ఫిలొమేనా.

పైన ఉన్నవి రెండిళ్ళు. ఒకదాంట్లో పెళ్ళికాని ముసలి అన్నదమ్ములు, రెండోదాంట్లో ఫిలొమేనా కొడుకూ కోడలూ. వాల్‌బుర్గాకి లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అదీ సంగతి. నడుంనొప్పని మీ కోడలు వెరెనా ఈసారి కోతకే రాకపోతే, ఏంటా అనుకున్నా. ఎంత గుట్టుగా దాచారు! మనవడా, మనవరాలా?"

"ఇంకా చూళ్ళేదు," అంది ఫిలొమేనా. అందులో అబద్ధం లేదు గదా అని సర్దిచెప్పుకుంటూ అడుగు జోరు పెంచింది.

బల్లమీద కూర్చుని గుడ్డ తీసింది. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. ఒక పండు మీగడలో ముంచి నోటిదాకా తెచ్చిందో లేదో, కింద మలుపులో మాటలు వినపడ్డాయి. గుడ్ల బుట్టతో వాల్‌బుర్గా, జడలా అల్లిన రొట్టెతో చర్చి గంటలు కొట్టే ఆయన భార్య, వాళ్ళ వెనక వెన్నముద్దలతో సగం ఊరు. నాయనమ్మ కంటే ముందు ఎవరూ గడప తొక్కకూడదు గనక, అందరూ ఆమె కోసమే ఆగారు. పండు గిన్నెలోకి తిరిగి వెళ్ళింది.

ఇక అసలు విషయం చెప్పేద్దామనుకునేంతలో సెరఫిన్ వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక తూకం మధ్యలో వదిలేసి రావడం ఆయనకిదే మొదలు. ఆదివారం టోపీ పెట్టుకున్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకొక్క మాట చెప్పకపోయావా?" అన్నాడు నెమ్మదిగా.

ఆ మొహం చూశాక ఫిలొమేనాకి నిజం చెప్పడానికి మనసొప్పలేదు. పిడికెడు పళ్ళ కోసం ఈ మనిషి గుండె పగలగొడుతున్నానే అని ఏడుపొచ్చింది. ఊరు వెనక నడుస్తుంటే, ఉరికంబానికి వెళ్తున్నట్టు వెళ్ళి కోడలి తలుపు తట్టింది.

తలుపు తీసిన వెరెనా జనాన్ని చూసింది, గుడ్డ చూసింది, పాలిపోయింది.

"అత్తయ్యా, డాక్టరమ్మ నిన్న సాయంత్రమేగా చెప్పింది. పశువుల మందతో పై మేతబీళ్ళలో ఉన్న మీ అబ్బాయికే ఇంకా తెలీదు. మీకెలా తెలిసింది?"

 బిడ్డ వచ్చేది చలికాలానికని తేలాక వాల్‌బుర్గా తన గుడ్ల వైపు దిగులుగా చూసుకుంది. కానీ పైకి మోసుకొచ్చిన కానుక తిరిగి కిందికి మోసుకెళ్ళకూడదు. మూడు వారాలుగా ఏదీ సయించని వెరెనా గడపలోనే కూలబడి గిన్నె ఖాళీ చేసేసింది. వట్టి చూపుతో కడుపు కనిపెట్టిన అత్తగారని ఫిలొమేనాని అంతా మెచ్చుకుంటుంటే, ఆమె ఖాళీ అవుతున్న గిన్నెనే చూస్తూ నిలబడింది.

సెరఫిన్ టోపీ తీసి, ఊరందరి ముందూ ప్రకటించాడు: కోత ముగిసేదాకా రోజూ గిన్నెడు మొదటి రకం పళ్ళు కోడలికే, ఫిలొమేనాయే తీసుకెళ్ళాలి.

మర్నాటి నుంచి ఆమె ఇంట్లోకెల్లా పెద్ద గిన్నె నింపుకుని బయల్దేరేది. కోడలి గడప చేరేసరికి అందులో సగమే ఉండేది.