తాడు తెగితే ఎక్కినవాడి ఖర్మ!

మేనేజర్లకి కర్మసిద్ధాంతం నేర్పిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి రెండు చేతులా దండం పెట్టాలండీ! ఇన్నాళ్ళూ తప్పు జరిగితే ‘ఎవరు చేశారు?’ అని ఆఫీసంతా వెతికి చచ్చేవాళ్ళం. ఎంత టైమ్ వేస్టు! ఇప్పుడు ఒక్క ముక్కలో తేలిపోతోంది. ప్రారబ్ధం!

మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. మా మేనేజర్‌గారు రెండు రోజుల ట్రైనింగ్‌కి వెళ్ళి, మూడో రోజు జ్ఞానిగా తిరిగొచ్చారు. ఏసీ పాడైందా? అందరి పూర్వకర్మ. నా లీవు రిజెక్ట్ అయిందా? పోయిన జన్మలో ఎవరి లీవో ఆపుంటాను! ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, అది ఆ కాగితం చేసుకున్న పాపమే. మనశ్శాంతి అంటే ఇదీ!

పాత సిద్ధాంతంలో ఒక్క లోపం ఉండేది. చేసినవాడే అనుభవించాలట. మరీ ఓల్డ్ ఫ్యాషన్ కదూ? మా దగ్గర పని పంచుకున్నాం. కర్మ చెయ్యడం పైవాళ్ళ డ్యూటీ, ఫలం అనుభవించడం కిందవాళ్ళ డ్యూటీ.

మొన్న ఓ తొమ్మిదంతస్తుల బిల్డింగ్‌లో చెకింగ్‌కి వెళ్తే లిఫ్ట్ ఇనుప తాడు పోగులు పోగులుగా ఊడొస్తూ కనిపించింది. కొత్తది వెయ్యాలంటే మూడు రోజులు లిఫ్ట్ ఆపాలి. చూస్తే నెలాఖరు! పెండింగ్ పనులు సున్నా చూపిస్తానని మేనేజర్‌గారు హెడ్డాఫీసుకి మాటిచ్చేశారు. అందుకని స్వయంగా వచ్చి, ‘లిఫ్ట్ భేషుగ్గా ఉంది’ అన్న కాగితం మా సీనియర్ ఇన్‌స్పెక్టర్ అక్క ముందు పెట్టారు.

“సంతకం పెట్టడం నీ పనమ్మా. ఫలం సంగతి నీకెందుకు?” అన్నారు, కళ్ళు సగం మూసి.

“ఫలం సంగతి కాదు సార్, ఏడో అంతస్తు మామ్మగారి సంగతి. రోజూ ఇందులోనే ఎక్కి దిగుతుంది.”

“తెగాలని రాసిపెట్టుంటే మనం ఆపగలమా తల్లీ?”

“అయితే పదండి సార్, ఇద్దరం ఓసారి పైదాకా వెళ్ళొద్దాం. లిఫ్ట్‌లోనే పెడతా సంతకం.”

మేనేజర్‌గారికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది, డాక్టరు మెట్లే ఎక్కమన్నాడట!

కాగితం నావైపు తిరిగింది. నేనూ ఇన్‌స్పెక్టర్నే, జూనియర్ని. “నీకు సిద్ధాంతం బాగా వంటబట్టిందిరా, నువ్వు కానిచ్చెయ్” అన్నారు. ఎంత పొంగిపోయానో! పెన్ను తీశాను. ఇంతలో మామ్మగారు చేతికర్ర, కూరల సంచీతో వచ్చేసింది.

“అబ్బాయ్, లిఫ్ట్ వస్తుందా?”

“రాదు మామ్మగారూ. మూడు రోజులు రాదు!” అనేశాను. నోరు నాది కాదన్నట్టు!

“మెట్లేనా? నా ఖర్మ!” అందావిడ. చూడండి, ఏ ట్రైనింగూ లేకుండానే!

ఆ ఊపులోనే, లిఫ్ట్ మూసెయ్యమని అక్క అప్పటికే రాసిపెట్టిన కాగితం కింద నా సంతకం గీకేశాను. సంచీ నేను పట్టుకున్నాను, మామ్మగారి చెయ్యి అక్క పట్టుకుంది.

మేనేజర్‌గారికి ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉన్నారు. అక్కకీ నాకూ మాత్రం సాయంత్రం అయిదు కొట్టకముందే మెమోలు వచ్చేశాయి.

ఇంకా శాస్త్రాన్ని శంకిస్తారా? మంచిపని చేసి చూడండి, మా కంపెనీలో ఫలం చేసినవాడికే అందుతుంది. అదీ ఈ జన్మలోనే, ఆఫీసు వేళల్లోనే!